కిన్‌లారో బంగళాకు నేను అంటగట్టిన దయ్యం

గుండెల మీద కుంపటి అంటారు మనవాళ్ళు. పదకొండేళ్ళుగా నా గుండెల మీద ఉన్నది కుంపటి కాదు, బంగళా. స్కాట్లండ్‌లో ఒక కొండ పక్కన కట్టిన రాతి బంగళా. పేరు కిన్‌లారో హౌస్. గోడల నిండా జింక తలలు, మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి హాలు, ఆ హాల్లో వరసగా చనిపోయిన దొరల చిత్రపటాలు. దాన్ని నేను ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. చూడకుండానే దాని చరిత్ర పాడుచేశాను.

ఈ సంగతి మా ఆయనకు తెలియదు. మా అమ్మకు తెలియదు. దేవుడికి తెలిసే ఉంటుంది కానీ ఆయన ఇంతవరకూ నా దగ్గర ఆ మాట ఎత్తలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్నెరగరు. నా పేరు చెప్పను. కెనడాలో ఏజాక్స్ అనే ఊళ్ళో ఉంటాను, ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తాను, ఒక కూతురు. ఇంతవరకు చాలు. ఈ ఆనవాళ్ళతో వెతికితే ఏజాక్స్‌లోని తెలుగు ఆడవాళ్ళు పాతికమంది దొరుకుతారు. వాళ్ళలో నేనెవరో తేల్చడం మీ వల్ల కాదు.

అప్పుడు నాకు ఇరవై మూడు. హామిల్టన్‌లో చదువుకుంటున్నాను. పగలు క్లాసులు, సాయంత్రం డోనట్ల దుకాణంలో పని. ఒకరోజు కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. పూర్వం ఇతర దేశాల నుంచి వచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసి, విని, రాసిపెట్టే మనిషి కావాలట. ఊరి చరిత్ర సంఘంవాళ్ళు పెట్టిన కాగితం అది. కూర్చుని చేసే పని. డోనట్ల దుకాణంలో ఆరేసి గంటలు నిలబడేవాళ్ళకు ‘కూర్చుని’ అన్న మాట ఎంత కమ్మగా వినిపిస్తుందో నిలబడినవాళ్ళకే తెలుసు.

ఆ సంఘాన్ని నడిపేది డోరతీ గారు. రిటైరైన టీచరు. ఆవిడ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, స్కాట్లండ్ యాస అర్థమవుతుందా అని. బాగా అర్థమవుతుందన్నాను. కెనడా వచ్చి అప్పటికి ఏడు నెలలు. స్కాట్లండ్ మనిషిని నేను చూసి ఎరగను. కాఫీలో పాలు రెండు వంతులు, చక్కెర రెండు వంతులు వేయమనడాన్ని ఇక్కడ ‘డబుల్ డబుల్’ అంటారని తెలుసుకోవడానికే నాకు రెండు వారాలు పట్టింది. అయినా బాగా అర్థమవుతుందన్నాను. ఎందుకలా అన్నాను? ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ‘వచ్చా’ అని అడిగితే ‘వచ్చు’ అనమనే కదా మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది. తర్వాత నేర్చుకోవచ్చు అనుకున్నాను. నేర్చుకున్నాను కూడా. కాకపోతే పదేళ్ళు ఆలస్యమైంది.

నాకు అప్పగించిన మనిషి పేరు ఎఫీ గారు. తొంభై ఒక్క ఏళ్ళు. హామిల్టన్‌లో కొండమీది పేటలో ఒక వృద్ధుల నివాసంలో ఉండేవారు. పద్నాలుగో ఏట కిన్‌లారో హౌస్‌లో పనిపిల్లగా చేరి, చాలా ఏళ్ళు అక్కడే చేసి, పెళ్ళయ్యాక భర్తతో హామిల్టన్ వచ్చారు. ఆయన ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరై, కాలం చేశారు. పిల్లలు లేరు. ఆవిడ గది కిటికీలోంచి దూరంగా పొగగొట్టాలు కనిపించేవి. వాటివైపు చెయ్యి చూపించి, ఆ చెయ్యి తన గుండె మీద పెట్టుకునేవారు. అది మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. అందులో మాటలు లేవు మరి.

మాటల సంగతికొస్తే, ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషని నాకు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా అంతట నేను కనిపెట్టేదాన్ని కాదు. పైగా మాట్లాడే ముందు పళ్ళసెట్టు తీసి గ్లాసులో వేసేవారు. అది ఉంటే మాట సరిగా రాదని ఆవిడ నమ్మకం. నన్ను ‘హెన్’ అని పిలిచేవారు. హెన్ అంటే కోడిపెట్ట కదా. మొదటిరోజు నా ముక్కు చూసి అంటున్నారేమోనని బస్సులో అంతసేపూ ముక్కు తడుముకుంటూ వచ్చాను. అది వాళ్ళ వైపు ‘తల్లీ’, ‘అమ్మాయీ’ లాంటి పిలుపని చాలాకాలం తర్వాత తెలిసింది.

నాలుగు బుధవారాలు, మధ్యాహ్నం పూట వెళ్ళాను. రికార్డరు బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ ఆగినచోటల్లా తలూపుతూ ‘యెస్, యెస్’ అనేదాన్ని, ఆవిడ నవ్వితే ‘లవ్‌లీ’ అనేదాన్ని. ఈ రెండు మాటలతో నాలుగు బుధవారాలు గడిచిపోయాయి. ఆవిడ మాత్రం పాపం నా అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఈ మధ్య తనకు దొరకలేదని డోరతీ గారితో అన్నారట.

మొదటి మూడు రికార్డింగులూ ఎలాగో గట్టెక్కించాను. ఒక్కో వాక్యం ఇరవై సార్లు విని, అర్థమైన రెండు ముక్కల మధ్య ఊహతో వంతెనలు కట్టాను. బంగళా పనివాళ్ళందరూ ఆదివారం ఉదయం మంచి బట్టలు కట్టుకుని వరసగా ‘కిర్క్’ దగ్గరికి వెళ్ళేవారని ఆవిడ చెప్పారు. కిర్క్ ఎవరో పెద్దమనిషి అనుకున్నాను. కిర్క్ చాలా చల్లగా ఉండేవాడనీ, కిర్క్‌లో ఎవరైనా కునుకు తీస్తే ఊరుకునేవారు కాదనీ రాశాను. ‘కిర్క్‌లో’ అన్నచోట అనుమానం రావాలి కదా. రాలేదు. తర్వాత పొయ్యి దగ్గర రాత్రిపూట బ్రౌనీకి మీగడ పెట్టేవారని చెప్పారు. బ్రౌనీ అంటే నాకు తెలిసింది మా దుకాణంలో అమ్మే చాక్లెట్ కేకే. అంచేత కిన్‌లారో హౌస్‌లో పనివాళ్ళు రాత్రి పడుకోబోయే ముందు మీగడతో కేకు తినేవారని రాశాను. దొరలు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను కూడా.

ఇవి రెండూ డోరతీ గారు పట్టుకున్నారు. కిర్క్ అంటే వాళ్ళ భాషలో చర్చి అట. బ్రౌనీ అంటే పాత ఇళ్ళలో కంటికి కనబడకుండా ఇంటిపనులు చేసిపెట్టే ఒక చిన్న భూతమట, దానికి కూలిగా మీగడ పెడతారట. ఆవిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, రెండూ ఎర్ర పెన్సిలుతో దిద్దారు. మిగతాదంతా ఎంత చక్కగా ఉందో అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. మిగతాది కూడా ఇలాంటిదేనండీ అని, అక్కడే, ఆ నవ్వులోనే కలిపి చెప్పేస్తే తేలిపోయేది. నవ్వేవాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడం కంటే సులువైనది ఏముంది? నేను కూడా నవ్వాను. కాగితాలు తీసుకుని వచ్చేశాను.

నాలుగో బుధవారం ఎఫీ గారు పళ్ళసెట్టు తీయలేదు. నేను గమనించిన మొదటి తేడా అది. గది తలుపు వేయమని సైగ చేశారు. కుర్చీ దగ్గరికి లాక్కోమన్నారు. దాదాపు గంటసేపు మాట్లాడారు, మెల్లగా, మధ్యలో నా చెయ్యి పట్టుకుని. ఒకచోట నవ్వారు. ఒకచోట ఏడ్చారు. మర్నాడు నాకు పరీక్ష ఉంది. నిజం చెబుతున్నాను, ఆవిడ ఏడుస్తున్నప్పుడు నేను స్టాటిస్టిక్స్ ఫార్ములా ఒకటి మనసులో వల్లెవేసుకుంటున్నాను. చెయ్యి మాత్రం ఇచ్చాను. ‘యెస్, యెస్’ అన్నాను.

మరుసటి వారం కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఆ రికార్డింగు ఎన్నిసార్లు విన్నా నాకు దొరికినవి నాలుగే మాటలు. గ్రీన్. లేడీ. గౌను. తలుపు. శుక్రవారానికల్లా రాసి ఇవ్వాలి. ఆకుపచ్చ గౌనులో ఒక స్త్రీ, తలుపు. దయ్యం కథే అయి ఉంటుందనుకున్నాను. పాత బంగళా అన్నాక దయ్యం ఉండదా? దయ్యం కథలు నాకు రావా?

మా అమ్మమ్మది జగిత్యాల దగ్గర పల్లె. ఆ పల్లెలో నా చిన్నప్పుడు ప్రతి తలుపు మీదా బొగ్గుతో ‘రేపు రా’ అని రాసి ఉండేది. ఒక ఆడదయ్యం వచ్చి, తెలిసిన గొంతుతో పేరుపెట్టి పిలుస్తుందట, పలికితే అంతేనట. అందుకని తలుపు మీద ‘రేపు రా’ అని రాస్తే, అది చదువుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు వస్తుంది, మళ్ళీ అదే చదువుకుని వెళ్ళిపోతుంది. దయ్యం ఎప్పటికీ కనిపెట్టదా అని నేను అడిగాను. అమ్మమ్మ వక్క నములుతూ, “ఆఫీసులళ్ళ రేపు రమ్మంటే మనుషులు రోజూ పోతలేరా బిడ్డా, వాళ్ళు కనిపెడుతున్నరా?” అంది.

ఆ దయ్యాన్ని తీసుకున్నాను. తెల్లచీర విప్పించి ఆకుపచ్చ పట్టుగౌను తొడిగాను. బొగ్గుకు బదులు సుద్దముక్క పెట్టాను. జగిత్యాల పెంకుటిళ్ళ తలుపులకు బదులు కిన్‌లారో హౌస్ మూడో అంతస్తులో పనిపిల్లల గదుల తలుపులు. ఆకుపచ్చ దొరసాని సాయంకాలం హాల్లోంచి నడిచి వచ్చి పనిపిల్లలను పేరుపెట్టి పిలిచేదనీ, వాళ్ళు తలుపుల మీద ‘రేపు రా’ అని రాసిపెట్టేవారనీ రాశాను. కింద ‘ఎఫీ గారు చెప్పినది’ అని రాశాను. ఆ చివరి వాక్యం రాస్తున్నప్పుడు చెయ్యి వణికిందని చెబితే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది. వణకలేదు. బాగా వచ్చిందే అనుకున్నాను.

డోరతీ గారు అది చదివి నిలబడిపోయారు. ఇంత మర్యాదస్తురాలైన దయ్యాన్ని తానెక్కడా చూడలేదన్నారు. రమ్మన్నప్పుడే వస్తానంటుందే, ఇది స్కాట్లండ్ పెంపకం కాక మరేమిటి అన్నారు. దానికి మా జగిత్యాల పెంపకం అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత రికార్డింగులు కూడా ఇవ్వమన్నారు, సంఘంలో భద్రం చేస్తారట. ఫైళ్ళు పాడైపోయాయన్నాను. ఆవిడ నన్నే ఓదార్చారు. కాగితం మీదకు ఎక్కించావు కదా, అదే పదివేలు అన్నారు.

ఫైళ్ళు పాడవలేదు. పెన్ డ్రైవ్‌లో ఉన్నాయి. తెలివైనవాళ్ళయితే చెరిపేస్తారు. నాకు వేలు రాలేదు. ముసలావిడ గొంతును డిలీట్ చేయడం అంటే అదేదో ఆవిడకే చేసినట్టు అనిపించింది. ఆవిడ మాటలు మార్చడానికి అడ్డురాని భయం, గొంతు చెరపడానికి అడ్డొచ్చింది. నా మనసు ఎలా పనిచేస్తుందో నాకే తెలియదు.

వసంతంలో పుస్తకం అచ్చయింది. అరవై పేజీల చిన్న పుస్తకం. ఎఫీ గారికి అప్పటికే చూపు బాగా తగ్గింది. పుస్తకాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, అట్ట తడిమి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూశారు. నన్ను చదివి వినిపించమన్నారు. చదివాను. దయ్యం కథ అయ్యాక పేజీ తిప్పకుండా ఆగాను. ఆవిడ ఇది నేను చెప్పింది కాదే అంటారని చూశాను. ఆవిడ మెల్లగా తలూపుతూ, “లవ్‌లీ, హెన్, లవ్‌లీ” అన్నారు. నా ఇంగ్లీషు ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదని అప్పుడు తెలిసింది. నాలుగు బుధవారాలు మేమిద్దరం ఒకరి మాట ఒకరికి తెలియకుండా కబుర్లు చెప్పుకున్నాం.

ఆ చలికాలంలో ఆవిడ పోయారు. ప్రార్థన సభలో డోరతీ గారు ఆ పుస్తకంలోంచి ఒక కథ చదివారు. ఏ కథో మీకు తెలుసు. వచ్చినవాళ్ళు చిన్నగా నవ్వారు, కళ్ళు ఒత్తుకున్నారు. ఎఫీ ఎంత చమత్కారి అనుకున్నారు. నేను వెనక వరసలో కూర్చుని దోసకాయ శాండ్‌విచ్ తిన్నాను. రెండోది కూడా తిన్నాను. ఏడుపు రాకుండా ఉండాలంటే నోట్లో ఏదో ఒకటి ఉండాలి.

అంతటితో ఆగితే నేను ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. డోరతీ గారు ఆ పుస్తకాన్ని స్కాట్లండ్‌కు పంపారు. కిన్‌లారో హౌస్ ఇప్పుడు ఎవరి ఇల్లూ కాదు, టిక్కెట్టు కొని చూసే చోటు. ఆకుపచ్చ దొరసాని అని ఒక దయ్యం ఉందన్న మాట అక్కడ ముందునుంచీ ఉందట. కానీ తలుపుల మీద రాత సంగతి వాళ్ళెవరూ వినలేదట. ఎంతో సంతోషించారని డోరతీ గారు నాకు ఫోన్ చేసి చెప్పారు. మరుసటి ఏడాదికి మూడో అంతస్తు తలుపుల మీద సుద్దతో రాసిపెట్టారు. ఆ తర్వాత అక్కడెవరో ప్రొఫెసర్ ఒక వ్యాసం రాశారు. ఆ కాలంలో పనిపిల్లలకు కూడా చదువు వచ్చనడానికి ఇది మంచి ఆధారమట. దయ్యానికి చదువు ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. పోనీలెండి. నేను ఆ వ్యాసం చదివి కంప్యూటరు మూసేసి, ఆ ఇంటి పేరు మళ్ళీ వెతకకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు తొమ్మిదేళ్ళు నిలిచింది. పెళ్ళయింది, ఏజాక్స్ వచ్చాం, పాప పుట్టింది. మొన్న ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళం ఒక స్కూలు జిమ్‌లో కలుసుకున్నాం. పంచాంగ శ్రవణం అయ్యాక విశ్వనాథం అంకుల్ మైకు తీసుకున్నారు. అంకుల్‌ది రాజమండ్రి, ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేసి కొడుకు దగ్గర ఉంటున్నారు. అంతకుముందే యూకే టూర్ వెళ్ళొచ్చారు. తెర మీద ఫోటోలు వేస్తూ వచ్చి, ఒక ఫోటో దగ్గర ఆగారు. చెక్క తలుపు. దాని మీద సుద్దతో రెండు ఇంగ్లీషు మాటలు. నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. ప్లేటు ఉంది కానీ చెయ్యి ఎక్కడుందో తెలియలేదు.

“చూశారండీ? ‘రేపు రా’! మన తలుపుల మీద బొగ్గుతో రాసేవోళ్ళం కదండీ, అచ్చు అదే. కోహినూరు ఒక్కటే పట్టుకుపోయారనుకున్నాం, మన దయ్యాన్ని కూడా వదల్లేదండీ వాళ్ళు!”

జిమ్ అంతా చప్పట్లు. కాకినాడవాళ్ళు మాకూ ఉండేదన్నారు, కడపవాళ్ళు మాకూ ఉండేదన్నారు, కరీంనగర్‌వాళ్ళు అది అసలు మాదే అన్నారు. నేను కరీంనగర్ వైపుదాన్నే. జీవితంలో మొదటిసారి మావాళ్ళ మాట పూర్తిగా నిజమైనప్పుడు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అంకుల్ దీని మీద పరిశోధన చేస్తానన్నారు. తెలుగువాళ్ళకూ స్కాట్లండ్‌వాళ్ళకూ పూర్వం చుట్టరికం ఉండి ఉండాలట. రుజువుకు వాళ్ళు ఓట్స్, మనం రాగులు జావ కాచుకుని తాగుతామని చెప్పారు.

భోజనాల తర్వాత ఆయన్ను ఒక పక్కకు పిలిచాను. పెద్దాయన ఈ వయసులో నా అబద్ధం మీద పుస్తకం రాయడం చూస్తూ ఊరుకోలేకపోయాను. అంకుల్, ఆ కథ నేనే రాశానండీ, మా అమ్మమ్మది, హామిల్టన్‌లో చదువుకునేటప్పుడు, అని మొత్తం చెప్పాను. పదకొండేళ్ళలో మొదటిసారి. ఆయన ఓపిగ్గా విన్నారు. తర్వాత నా భుజం తట్టారు.

“అమ్మా, నువ్వు కెనడాలో రాస్తే స్కాట్లండ్ తలుపు మీదకు ఎలా వస్తుందమ్మా? సరిగా అన్నం తింటన్నావా?”

అంతే. ఒప్పుకోలు కూడా చేతకాని మనిషినయ్యాను.

ఆ శనివారం పాపను ఈత క్లాసులో దింపి, పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చున్నాను. కుట్టుదారాల డబ్బాలోంచి తీసిన పెన్ డ్రైవ్‌ను కారుకు పెట్టాను. ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఆసుపత్రిలో నా పైఅధికారి స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చినావిడ. ఆరేళ్ళుగా ఆవిడ కింద పనిచేస్తున్నాను. ఆ యాస ఇప్పుడు నాకు ఎంత బాగా పట్టుబడిందంటే, కోపమొస్తే అదే నోటికొస్తోంది. “అమ్మా, యూ సౌండ్ లైక్ ఎ పైరేట్” అంటుంది మా అమ్మాయి.

నాలుగో బుధవారం మొదలైంది. ఎఫీ గారి గొంతు కారంతా నిండింది. ఒక్కో మాటా, తేటగా, కడిగిన బియ్యంలా అర్థమైంది.

అది దయ్యం కథ కాదు. దయ్యం తనేనని ఆవిడ చెబుతున్నారు.

అప్పుడు ఆవిడకు పదహారు. ఇంటి పెద్దదొర ముసలాయన, భార్య పోయి చాలా ఏళ్ళయింది, చూపు మసక. పోయిన దొరసాని బట్టలు ఒక పెట్టెలో ఉండేవి, ఏడాదికోసారి తీసి గాలికి ఆరవేయడం ఎఫీ గారి పని. ఒక మధ్యాహ్నం ఎవరూ లేరని ఆకుపచ్చ పట్టుగౌను తొడుక్కుని మేడ మీది హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. గౌను కిందకు జీరాడుతుంటే ఎలా ఉంటుందో చూద్దామని, అంతే. హాలు చివర కుర్చీలో పెద్దదొర కూర్చున్నారు. “గ్రేస్” అని పిలిచారు. అది పోయిన భార్య పేరు. ఎఫీ గారు తలుపు చాటుకు పారిపోయారు.

మర్నాటి నుంచి ఆయన రోజూ మధ్యాహ్నం కుర్చీ అక్కడే వేయించుకుని కూర్చునేవారు. ఎవరూ రారు. వారం గడిచింది, తిండి తగ్గింది. పెట్టింది పెట్టినట్టే వంటింటికి తిరిగొస్తున్న పళ్ళాన్ని రోజూ మోసేది ఎఫీ గారే. చూడలేకపోయారు. మళ్ళీ గౌను తొడుక్కుని ఒక్కసారి నడిచారు. ఆ సాయంత్రం పళ్ళెం ఖాళీగా వచ్చింది. ఇక గురువారం గురువారం నడిచేవారు, ఆయన పోయేదాకా. ఒక్కసారే ఆయన ఒక మాట అడిగారట, అక్కడ చలిగా ఉంటుందా అని. ఎఫీ గారు లేదన్నారట. తోటలోంచి వంటమనిషి ఎవరో కిటికీలో ఆకుపచ్చ చూసి అరిచింది. ఆకుపచ్చ దొరసాని దయ్యం అలా పుట్టింది.

ఈత క్లాసు అయిపోయి మా అమ్మాయి తడి జుట్టుతో వచ్చి కారు అద్దం తట్టేదాకా నేను అలాగే ఉన్నాను. ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. ఉల్లిపాయలన్నాను. కారులో ఉల్లిపాయలెక్కడివని అడగకుండా వెనక సీట్లో కూర్చుంది. మంచి పిల్ల.

వారం తర్వాత కిన్‌లారో హౌస్‌వాళ్ళకు ఈమెయిలు రాశాను. అమ్మమ్మ, జగిత్యాల, బొగ్గు, అన్నీ రాశాను. ఎఫీ గారి రికార్డింగు జతచేశాను. డోరతీ గారికి కూడా పంపేదాన్ని, కానీ ఆవిడ ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టే స్థితిలో లేరని తెలిసింది. స్కాట్లండ్ నుంచి నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. పెద్దదొర కథ విని అందరూ కదిలిపోయారట, ఆ హాల్లో కుర్చీ ఒకటి వేస్తారట. ‘రేపు రా’ మాత్రం తీసేయలేమన్నారు. బడిపిల్లలు సుద్దముక్కలు పట్టుకుని ఆ రాత రాయడానికే వస్తున్నారట. దుకాణంలో గిన్నెలు తుడుచుకునే తువ్వాళ్ళ మీద కూడా ఆ మాట అచ్చేయించారట, చాలా మిగిలి ఉన్నాయట. కథలన్నీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మొదలుపెట్టినవేగా అని రాసి, నాకూ మా అమ్మమ్మకూ కృతజ్ఞతలు చెప్పారు.

ఇది చదివి మీరు పోనీలే, అంతా మంచికే అనుకుంటున్నారు. ఒక పూటంతా నేనూ అలాగే అనుకున్నాను. కానీ వాళ్ళకు పంపిన రికార్డింగు పూర్తిది కాదు. చివర ఒక నిమిషం ఉంది. పంపేముందు దాన్ని నేనే కత్తిరించాను. దయ్యం కథ కల్పించానని ప్రపంచానికి చెప్పుకోగలిగినదాన్ని, ఆ నిమిషం మాత్రం ఎవరి చెవినా పడకూడదనుకున్నాను. అసలు నా గుండెల మీద కూర్చున్నది దయ్యం కాదని, ఈ నిమిషమని, అది విన్నాకే తెలిసింది. అందులో ఉన్నది ఇది.

“మా ఆయనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. కళ్ళు కనిపించని ముసలాయన్ని మోసం చేశాను కదా. అది పాపమంటావా, తల్లీ?”

“యెస్, యెస్.”

తర్వాత ఆవిడ ముక్కు చీదిన చప్పుడు.

“అంతేలే. నాకూ ఎప్పుడూ అలాగే అనిపించేది.”

“లవ్‌లీ.”

“పుస్తకంలో పెట్టు. దాచకు.”

“యెస్, యెస్.”

ఆ గొంతు నాది. హుషారుగా ఉంది. పరీక్షకు ముందురోజు అమ్మాయి గొంతు, బస్సు వేళయిపోతోందన్న తొందర తెలుస్తోంది. ఆవిడ ఆ జవాబు తీసుకుని ఆ తర్వాత ఎన్ని నెలలు బతికారో లెక్క వేయగలను. వేయను. వేరే జవాబు ఇప్పుడు నా దగ్గర ఉంది, ఇవ్వడానికి మనిషి లేరు.

ఒక తొంభై ఒక్క ఏళ్ళ మనిషి నా చెయ్యి పట్టుకుని తాను పాపం చేశానా అని అడిగింది. నేను అవునన్నాను. వినకుండా అన్నాను. ఈ మూడు వాక్యాలూ ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, బయటికి అనలేదు. ఇవాళ రాశాను. రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను కూడా.